నల్లపావులతో గెలిచిన కిరీటం: సింగపూర్ 14వ ఆట కథ

2024 డిసెంబర్ 12న సింగపూర్ లో జరిగిన ప్రపంచ చదరంగం పోటీ 14వ ఆటలో దొమ్మరాజు గుకేశ్ నల్లపావులతో ఆడి, అప్పటి చాంపియన్ చైనాకి చెందిన డింగ్ లిరెన్ ని 58 ఎత్తుల్లో ఓడించాడు. ఆ ఆట మొదలయ్యేటప్పటికి ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు. ఆట అయ్యాక లెక్క 7.5 - 6.5. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంతకు ముందు అతి చిన్న వయసు రికార్డు 1985లో 22 ఏళ్ళకి గెలిచిన గారీ కాస్పరోవ్ ది.

ఈ వార్త మీరంతా చదివే ఉంటారు. గుకేశ్ కన్నీళ్ళు పెట్టుకున్న వీడియో చూసే ఉంటారు. కానీ ఆట గురించి మన వాళ్ళలో వినిపించిన మాట మాత్రం ఒక్కటే: "డింగ్ ఏదో పెద్ద తప్పు చేశాడటగా, లేకపోతే డ్రా అయ్యేదటగా!" ఈ మాట నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

నేను దోహాలో ముషైరిబ్ లో సాఫ్ట్ వేర్ ఉద్యోగం చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలు నలుగురైదుగురు చేరి చదరంగం ఆడతారు. స్కూల్ పోటీలకి వెళ్ళే ముందు వాళ్ళ అమ్మానాన్నలు ఇచ్చే సలహా నేను చాలాసార్లు విన్నాను: "తెల్లపావులొస్తే గెలువు, నల్లపావులొస్తే డ్రా చేసుకుని వచ్చెయ్." పిల్లలు దీన్ని సూత్రంలా పట్టుకుంటారు. నల్లపావులు చేతికి రాగానే ముఖం చిన్నబోతుంది. ఆట మొదలవకముందే సగం ఓడిపోయి కూర్చుంటారు. సింగపూర్ ఆట ఈ సూత్రాన్ని ఎలా తలకిందులు చేసిందో పావులు నడపడం మాత్రమే తెలిసిన వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా పేర్లు

మన ఊళ్ళలో పావుల పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఈ వ్యాసంలో మూలన నిలబడి నిలువుగా, అడ్డంగా నడిచే పావుని ఏనుగు అంటున్నాను. ఐమూలగా నడిచేది శకటు (కొన్ని చోట్ల ఒంటె అంటారు). మిగిలినవి రాజు, మంత్రి, గుర్రం, బంటు. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ చివరి నిలువు వరుస 'ఎ', కుడి చివరిది 'హెచ్'. తెల్లపావులు మొదట నిలబడే అడ్డ వరుస 1, నల్లవి నిలబడేది 8. అంటే 'ఎ8' అన్నది తెల్లవైపు కూర్చున్న వాళ్ళకి ఎడమ చేతి పై మూల గడి. ఈ గడి పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

తెల్లకి ఎంత మొగ్గు?

మొదటి ఎత్తు తెల్లది కాబట్టి తెల్లకి కొంత మొగ్గు ఉంటుంది. ఇది భ్రమ కాదు. మాస్టర్ స్థాయి ఆటలు లక్షల్లో పోగేసి చూస్తే తెల్లకి నూటికి 54, 55 పాయింట్లు, నల్లకి 45, 46 పాయింట్లు వస్తాయి. అంటే తేడా ఉంది, కానీ మన పిల్లలు భయపడేంత లేదు. పైగా ఈ తేడా ఇద్దరూ బాగా ఆడే చోట కనబడేది. స్కూల్ పోటీల్లో ఒక్క గుర్రం ఊరికే పోతే ఈ పది పాయింట్ల తేడా ఎక్కడికి పోతుందో తెలియదు.

ఈ మొగ్గుకి వెల కట్టే పద్ధతి కూడా ఒకటి ఉంది. టైబ్రేక్ లో ఎంతకీ తేలకపోతే 'ఆర్మగెడ్డన్' అనే ఆట ఆడిస్తారు. ఒక పద్ధతిలో తెల్లకి 5 నిమిషాలు, నల్లకి 4 నిమిషాలు ఇస్తారు. కానీ డ్రా అయితే నల్ల గెలిచినట్టే. అంటే డ్రా విలువ ఆ పోటీ నియమాలని బట్టీ, ఆ రోజు ఎవరికి ఏం కావాలన్న దాన్ని బట్టీ మారుతుంది. సింగపూర్ లో జరిగింది అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే చాలు.

పదమూడు ఆటల తర్వాత

పోటీ 2024 నవంబర్ 25న సింగపూర్ సెంతోసా ద్వీపంలో మొదలైంది. మొత్తం 14 ఆటలు. మొదటి 40 ఎత్తులకి ఒక్కొక్కరికి 2 గంటలు, తర్వాత మిగతా ఆటకి 30 నిమిషాలు, 41వ ఎత్తు నుంచి ఎత్తుకి 30 సెకన్లు అదనం. బహుమతి మొత్తం 25 లక్షల డాలర్లు. గెలిచిన ప్రతి ఆటకీ 2 లక్షల డాలర్లు, మిగిలింది చెరి సగం.

మొదటి ఆటలో గుకేశ్ కి తెల్లపావులు వచ్చాయి. ఓడిపోయాడు. నల్లపావులతో డింగ్ 42 ఎత్తుల్లో గెలిచాడు. 3వ ఆటలో గుకేశ్ తెల్లతో గెలిచి సమం చేశాడు. తర్వాత వరసగా ఏడు డ్రాలు. 11వ ఆట గుకేశ్ తెల్లతో గెలిచాడు, మర్నాడే 12వ ఆట డింగ్ తెల్లతో గెలిచాడు. 13వ ఆట డ్రా.

మొత్తం మీద ఫలితం తేలిన ఆటలు ఐదు. వాటిలో తెల్ల గెలిచినవి మూడు, నల్ల గెలిచినవి రెండు. ఆ రెండూ మొదటిదీ, చివరిదీ కావడం విశేషం.

14వ ఆటకి డింగ్ వి తెల్లపావులు. డ్రా అయితే మర్నాడు తక్కువ సమయంలో ఆడే టైబ్రేక్ లు ఉంటాయి. వేగంగా ఆడే ఆటలో డింగ్ ది పైచేయి అని ఎక్కువమంది అనుకున్నారు. కాబట్టి తెల్లపావులు చేతిలో ఉన్నా డింగ్ కి డ్రా చేదు కాదు. మొగ్గు ఉన్నవాడికి డ్రా చాలనిపించింది, మొగ్గు లేనివాడు ఆడాలనుకున్నాడు. నా లెక్కలో ఆట మలుపు తిరిగింది ఇక్కడే, ఇంకా ఒక్క పావు కదలకముందే.

మొదటి 28 ఎత్తులు

ఆ రోజు గురువారం. సింగపూర్ లో సాయంత్రం 5 గంటలకి ఆట మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం 12. ఆఫీసులో ఒక కిటికీలో కోడ్, ఇంకో కిటికీలో బోర్డు పెట్టుకుని చూసిన వాళ్ళలో నేనొకడిని.

డింగ్ గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి మొదలుపెట్టాడు. తర్వాత జి బంటుని ఒక గడి జరిపి, శకటుని జి2లో కూర్చోబెట్టాడు. నెమ్మదైన పద్ధతి. గుకేశ్ వెంటనే డి5, సి5 గడుల్లో రెండు బంట్లు నిలబెట్టి మధ్యలో చోటు పట్టాడు. మామూలుగా తెల్ల చేసే పని ఇది. 9వ ఎత్తులో డి బంటుని డి4కి తోశాడు. నల్లపావులు పట్టుకుని తెల్లలా ఆడటమంటే ఇదే.

డింగ్ ఆ బంటుని మార్పిడి చేసి వదిలించుకున్నాడు. తర్వాత రెండు వైపులా పావులు ఒక్కొక్కటీ మార్పిడి అవుతూ వచ్చాయి. 20వ ఎత్తులో డింగ్ గుర్రాన్ని ఎఫ్4కి తెచ్చాక గుర్రాలు, ఒక జత శకట్లు బోర్డు దిగిపోయాయి. 27వ ఎత్తుకి డింగ్ దగ్గర ఎడమ వైపు బి3లో ఒంటరి బంటు ఒకటే మిగిలింది. దానికి పక్కన తోడు బంటు లేదు. అయినా ప్రమాదమేమీ లేదు, కాస్త కాపలా కాస్తే సరిపోయే స్థితి.

బంటు ఇచ్చి డ్రా కొనుక్కోవడం

29వ ఎత్తులో డింగ్ ఆ బి బంటుని బి4కి తోసి ఊరికే ఇచ్చేశాడు. గుకేశ్ మంత్రితో తీసుకున్నాడు, మంత్రులు మారాయి. రెండు ఎత్తుల తర్వాత ఒక జత ఏనుగులు కూడా మారాయి. 32వ ఎత్తు దగ్గర బోర్డు మీద మిగిలినవి ఇవి: చెరొక రాజు, చెరొక ఏనుగు, తెల్లగడుల్లో తిరిగే చెరొక శకటు. బంట్లు తెల్లకి రెండు, నల్లకి మూడు, అన్నీ రాజు వైపే.

బంట్లన్నీ ఒకే వైపు ఉంటే, ఒక బంటు ఎక్కువున్నా గెలవడం చాలా కష్టమని చదరంగం పుస్తకాలన్నీ చెబుతాయి. డింగ్ కి అది కంఠోపాఠం. అందుకే ఆ బేరం చేశాడు: ఒక బంటు ఇచ్చి, చిక్కులన్నీ తీసేసుకుని, తెలిసిన డ్రా కొనుక్కున్నాడు. కంప్యూటర్ ని అడిగితే అదీ డ్రా అనే చెప్పింది.

కానీ ఆ బేరంలో కనబడని ఖర్చు ఒకటుంది. అంతకు ముందు ఇద్దరూ తప్పు చేయగల స్థితి. ఈ బేరం తర్వాత గుకేశ్ కి ఓడిపోయే దారి దాదాపు లేదు. ఒక వైపు నుంచే అడగడం, ఇంకో వైపు నుంచి జవాబు చెబుతూ ఉండడం. మా సాఫ్ట్ వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, సిస్టం పడిపోదు, కానీ వచ్చే ప్రతి అభ్యర్థననీ తప్పు లేకుండా దాటించాలి. ఎన్ని వస్తాయో తెలియదు. అడిగేవాడికి అలుపు లేదు.

పైగా గడియారంలో డింగ్ కంటే గుకేశ్ దగ్గర చాలా ఎక్కువ సమయం ఉంది. 14వ ఆట, మూడు వారాల అలసట, ఎదురుగా పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. డ్రాకి ఒప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ కుర్రాడు లేచి వెళ్ళేలా లేడు.

32 నుంచి 54 దాకా

ఈ భాగం టీవీలో చూస్తే విసుగ్గా ఉంటుంది. వ్యాఖ్యాతలు కూడా మర్నాటి టైబ్రేక్ గురించి మాట్లాడుకునే సమయం. కానీ పిల్లలకి చూపించాల్సింది ఇదే.

గుకేశ్ ముందు జి బంటుని, తర్వాత హెచ్ బంటుని ముందుకు నడిపాడు. రాజుని జి7, హెచ్6 మీదుగా జి5కి తెచ్చాడు. ఏనుగు ఒకసారి కింది వరుసలోకి దిగి, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ దిగింది. 46వ ఎత్తులో ఒక జత బంట్లు మారాయి. ఇక తెల్లకి జి3లో ఒక్క బంటు, నల్లకి ఎఫ్5, జి4లో రెండు.

దేన్నీ తొందరపెట్టలేదు. 50వ ఎత్తు దగ్గర రాజుని ఎఫ్6కి తీసుకెళ్ళి మళ్ళీ జి5కి తెచ్చాడు. చూసేవాళ్ళకి ఇది కాలక్షేపంలా ఉంటుంది. ఎదుటివాడికి మాత్రం ప్రతిసారీ కొత్త ప్రశ్న. ఏనుగు ఏ గడిలో ఉండాలి? శకటు ఏ గడిలో ఉండాలి? ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా?

53వ ఎత్తులో డింగ్ తన శకటుని ఎ8 మూలకి పంపాడు. దూరంగా ఉంటే క్షేమం అనుకుని ఉంటాడు. అది అప్పటికి తప్పు కాదు. పొడుగాటి ఐమూల మొత్తాన్ని అది అక్కడి నుంచే చూస్తోంది. కానీ మూల గడిలో ఉన్న శకటుకి నడవడానికి ఒక్కటే గీత ఉంటుంది. ఆ గీత మీద ఎవరైనా అడ్డంగా నిలబడితే తప్పుకోవడానికి రెండో దారి లేదు.

55వ ఎత్తు

గుకేశ్ 54వ ఎత్తులో రాజుని ఇ5కి తెచ్చాడు. ఇప్పుడు బోర్డు ఇది, ఇంట్లో పేర్చుకోండి:

తెల్ల: రాజు జి1, ఏనుగు ఎఫ్4, శకటు ఎ8, బంటు జి3.
నల్ల: రాజు ఇ5, ఏనుగు బి2, శకటు ఇ6, బంట్లు ఎఫ్5, జి4.
ఎత్తు తెల్లది.

డింగ్ ఏనుగుని ఎఫ్4 నుంచి ఎఫ్2కి దించాడు, 'ఏనుగులు మార్చుకుందామా' అన్నట్టు. పావులు తగ్గితే డ్రా దగ్గరవుతుందని ఆ రోజంతా ఆడిన ఆటే ఇదీ. సరిగ్గా ఇక్కడ మాత్రం అది పనికిరాదు.

గుకేశ్ ఏనుగు ఎఫ్2లో ఏనుగుని తీసింది, రాజు దాన్ని తీశాడు. అప్పుడు 56వ ఎత్తుగా నల్ల శకటు డి5కి వచ్చింది. ఎ8లో ఉన్న తెల్ల శకటుకి ఎదురుగా, దాని ఒక్కగానొక్క గీత మీద. తెల్ల శకటు బి7కి జరిగినా, సి6కి జరిగినా నల్ల శకటు నోట్లోనే. మిగిలింది ఒకటే, డి5లో తనే నల్ల శకటుని తీసుకోవడం. తీసుకుంది. నల్ల రాజు తిరిగి తీసుకున్నాడు. ఏనుగులూ లేవు, శకట్లూ లేవు. రాజులు, బంట్లు.

58వ ఎత్తులో తెల్ల రాజు ఇ3కి వచ్చాడు, నల్ల రాజు ఇ5లో ఎదురుగా నిలబడ్డాడు. మధ్యలో ఒక్క గడి ఖాళీ. ఇలా ఎదురుబొదురుగా నిలబడినప్పుడు ఎత్తు ఎవరిదైతే వాళ్ళు తప్పుకోక తప్పదు. ఎత్తు తెల్లది. తెల్ల రాజు వెనక్కి తగ్గితే నల్ల రాజు లోపలికి చొచ్చుకొచ్చి జి3 బంటుని తినేస్తాడు. డి3కి పక్కకి జరిగితే ఎఫ్ బంటు ఎఫ్4కి వస్తుంది, బంట్లు మారాక నల్ల రాజు జి3లో దిగి మిగిలిన బంటుని చివరి వరుస దాకా నడిపిస్తాడు. రెండు దారులూ మూసుకుపోయాయి. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఏనుగుల్ని మార్చుకోకుండా ఉంచుకుని ఉంటే డ్రా చేతిలోనే ఉండేది. గుకేశ్ కూడా మొదట వేరే ఎత్తు వేయబోయాడు. డింగ్ శకటు చిక్కుకుంటోందని అప్పుడే కనబడిందని తర్వాత విలేకరులతో చెప్పాడు. ఎదుటివాడి ముఖంలో సంతోషం చూశాకే తన తప్పు తెలిసిందని డింగ్ చెప్పాడు. డింగ్ లేచాక గుకేశ్ కన్నీళ్ళు తుడుచుకుంటూనే పావులన్నీ తిరిగి మొదటి గడుల్లో పేర్చాడు.

దానమా, సంపాదనా?

మాజీ చాంపియన్ వ్లదిమిర్ క్రామ్నిక్ లాంటి వాళ్ళు ఈ ముగింపుని చూసి పెదవి విరిచారు. ప్రపంచ కిరీటం ఒక్క ఎత్తు పొరపాటుతో తేలిపోవడం విచారకరమన్నది వాళ్ళ బాధ. 55వ ఎత్తు ఒక్కటే చూస్తే కాదనలేం. ఆ స్థాయి ఆటగాడు చేయకూడని తప్పే అది.

నా అభిప్రాయం వేరు. ఆ తప్పు జరగడానికి మూడు సంగతులు ఒకే సమయంలో కుదరాలి. తెల్ల శకటు మూలకి వెళ్ళాలి, నల్ల రాజు డి5 గడికి అందేలా ఉండాలి, ఏనుగులు మారాలి. మొదటిది డింగ్ చేశాడు. రెండోది గుకేశ్ చేశాడు, ఆ ముందు ఎత్తులోనే. మూడోది మళ్ళీ డింగ్ చేశాడు. నల్ల రాజు ఇ5కి రాకుండా, ఇంకా జి5లోనే ఉండి ఉంటే శకట్లు మారాక నల్లకి ఆ గెలుపు అంత తేలిగ్గా వచ్చేది కాదు. గుకేశ్ ఆ వల కావాలని పన్నాడని అనను, తనే అలా అనలేదు. కానీ పావుల్ని మంచి గడుల్లోకి తెస్తూ పోతే అదృష్టం వచ్చినప్పుడు అందుకోవడానికి చెయ్యి దగ్గరగా ఉంటుంది. 40వ ఎత్తు దగ్గర చెయ్యి చాచి డ్రా అని ఉంటే డింగ్ కి తప్పు చేసే అవకాశమే ఉండేది కాదు.

చివరి ఆట, నల్లపావులు

ఇది ఒక్కసారి జరిగిన వింత అనుకుంటారేమో. ప్రపంచ పోటీల చివరి ఆటలు చూడండి.

1985, మాస్కో. 24వ ఆటకి ముందు కాస్పరోవ్ 12, కార్పోవ్ 11. చివరి ఆట కార్పోవ్ గెలిస్తే 12 - 12, నియమాల ప్రకారం కిరీటం చాంపియన్ దగ్గరే ఉంటుంది. తెల్లపావులు కార్పోవ్ వి. గెలిచి తీరాలి కాబట్టి దాడికి దిగాడు. నల్లతో కాస్పరోవ్ గెలిచి 13 - 11తో చాంపియన్ అయ్యాడు.

2010, సోఫియా. 12వ ఆటకి ముందు ఆనంద్, తొపలోవ్ సమానం. తెల్లతో ఆడుతున్న తొపలోవ్ కి ఆనంద్ తో టైబ్రేక్ ఆడటం ఇష్టం లేదు. డ్రా అయ్యే చోట తన రాజు ముందున్న చోటే తెరిచి ముందుకెళ్ళాడు. మే 11న నల్లపావులతో ఆనంద్ గెలిచి 6.5 - 5.5తో కిరీటం నిలబెట్టుకున్నాడు.

2023, అస్తానా. డింగ్, నెపోమ్నియాషీ 14 ఆటల తర్వాత 7 - 7. టైబ్రేక్ లో నాలుగో ఆట. డింగ్ వి నల్లపావులు. డ్రాకి దారి ఉండగా తన ఏనుగుని తనే కట్టేసుకునే ఎత్తు వేసి, గెలుపు కోసం ఆడి, ఏప్రిల్ 30న చాంపియన్ అయ్యాడు.

చూశారా! డింగ్ కి కిరీటం వచ్చింది నల్లపావులతో, డ్రా వద్దనుకున్న రోజున. పోయింది తెల్లపావులతో, డ్రా చాలనుకున్న రోజున. ఈ సంగతి తెలిశాక డింగ్ మీద నాకు గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. ఓడిపోయాక విలేకరుల ముందు కూర్చుని, గుకేశ్ గెలుపు న్యాయమైనదేనని మెచ్చుకున్న మనిషి ఆయన.

దోహాలో మన వాళ్ళు

మాది చదరంగానికి కొత్త ఊరేమీ కాదు. ముషైరిబ్ పక్కనే ఉన్న సూక్ వాకిఫ్ లో పెద్దవాళ్ళు గుడ్డలాంటి ఓపికతో దామా ఆడుతూ కనిపిస్తారు. 2006 ఆసియా క్రీడల్లో చదరంగం మొట్టమొదటిసారి చేర్చింది ఇక్కడే, దోహాలో. అప్పుడు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మహిళల వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. శశికిరణ్, గుంటూరు వాడైన పెంటేల హరికృష్ణ, హంపి ఉన్న భారత మిశ్రమ జట్టుకి కూడా స్వర్ణమే. అప్పుడు హంపికి 19 ఏళ్ళు, హరికృష్ణకి 20.

2023 అక్టోబర్ లో లుసైల్ లో ఖతార్ మాస్టర్స్ జరిగింది. ముషైరిబ్ స్టేషన్ లో రెడ్ లైన్ ఎక్కితే ఆ లైన్ చివర లుసైల్. ఆ పోటీ ఏడో రౌండ్లో తమిళనాడుకి చెందిన కార్తికేయన్ మురళి నల్లపావులతో మాగ్నస్ కార్ల్ సన్ ని ఓడించాడు. నిడివైన ఆటలో కార్ల్ సన్ ని ఓడించిన మూడో భారతీయుడు అతను. మొదటి ఇద్దరూ ఆనంద్, మన హరికృష్ణ.

2025 డిసెంబర్ చివర్లో ప్రపంచ రాపిడ్, బ్లిట్జ్ పోటీలు కూడా దోహాలోనే జరిగాయి. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి రాపిడ్ లోనూ బ్లిట్జ్ లోనూ కాంస్యం, హంపి మహిళల రాపిడ్ లో కాంస్యం గెలిచారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత అదే ఊళ్ళో హంపి మెడలో మళ్ళీ పతకం!

గుకేశ్ ఎవరివాడు?

గుకేశ్ గెలిచిన రాత్రి ఆంధ్ర ముఖ్యమంత్రి తెలుగు కుర్రాడని అభినందించారు, తమిళనాడు ముఖ్యమంత్రి చెన్నై కుర్రాడని అభినందించారు. నెట్ లో పెద్ద రగడే జరిగింది. రెండూ నిజమే. పుట్టి పెరిగింది, ఆట నేర్చింది చెన్నైలో. కుటుంబం తెలుగు వారిది, మూలాలు తిరుపతి జిల్లా సత్యవేడు వైపు. ఒక ఊళ్ళో పుట్టి, ఇంకో ఊళ్ళో చదివి, మూడో దేశంలో పని చేస్తున్న మన లాంటి వాళ్ళకి ఇందులో తగువేముందో అర్థం కాదు.

అదే డిసెంబర్, ఇంకో ఆట

గుకేశ్ గెలిచిన 16 రోజులకి, 2024 డిసెంబర్ 28న న్యూయార్క్ లో మహిళల ప్రపంచ రాపిడ్ పోటీ చివరి రౌండ్. హంపి మొదటి రౌండ్ ఓడిపోయి మొదలుపెట్టింది. అప్పుడామెకి 37 ఏళ్ళు, ఇంట్లో చిన్న కూతురు. పదకొండో రౌండ్లో ఇండొనేసియాకి చెందిన ఇరీన్ సుకందర్ తో ఆట. పావులు నల్లవి. పైన చాలామంది సమానంగా ఉన్నారు, డ్రా అయితే కిరీటం ఎవరిదో తెలియదు. హంపి నల్లతో గెలిచి 11కి 8.5 పాయింట్లతో ఒంటరిగా పైన నిలిచింది. 2019 మాస్కో తర్వాత ఇది ఆమె రెండో ప్రపంచ రాపిడ్ కిరీటం.

ఒకే నెలలో రెండు ప్రపంచ కిరీటాలు, ఇద్దరూ తెలుగు వాళ్ళు, ఇద్దరూ చివరి ఆటలో, ఇద్దరూ నల్లపావులతో.

పిల్లలతో ఇలా చేసి చూడండి

ఈ వారాంతంలో పైన చెప్పిన 54వ ఎత్తు తర్వాతి స్థితిని బోర్డు మీద పేర్చండి. కంప్యూటర్ తెరవకండి.

ఒకటి: తెల్ల తరఫున పిల్లల్ని ఆడమనండి. ఏనుగుల్ని మార్చుకోకుండా ఇరవై ఎత్తులు నిలబడగలరేమో చూడండి. డ్రా కాపాడటం ఎంత కష్టమో డింగ్ మీద జాలితో సహా తెలుస్తుంది.

రెండు: తెల్ల శకటుని ఎ8 మూలలో కాకుండా వేరే గడుల్లో పెట్టి, అదే ఏనుగుల మార్పిడి చేయించండి. శకట్ల మార్పిడిని ఎప్పుడు తప్పించుకోవచ్చో, ఎప్పుడు తప్పించుకోలేరో వాళ్ళే కనిపెడతారు.

మూడు: చివరి స్థితి పేర్చండి. తెల్ల రాజు ఇ3, బంటు జి3. నల్ల రాజు ఇ5, బంట్లు ఎఫ్5, జి4. ఎత్తు తెల్లది. నల్లతో గెలవమనండి. గెలిచాక ఎత్తు నల్లదని చెప్పి మళ్ళీ ఆడించండి, కష్టం ఎక్కడ పెరుగుతుందో వాళ్ళనే చెప్పమనండి.

మూడూ అయ్యాక మామూలు ఆట ఒకటి ఆడించండి. ఎవరికి ఏ రంగు అని చీటీలు వేయకుండా, నల్లపావులు ఎవరికి కావాలని అడిగి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు వాటి కోసం పోటీ పడుతున్నారు.